పిన్ని పక్క మంచం ఆయన పాడిన చరణం

దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి పక్కకెళ్లిపోయే రకం నేను. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. జరిగింది మాత్రం జరిగినట్టు చెప్తాను. ఆ రోజు అక్కడ నేనొక్కణ్ణే లేను. మా పిన్ని ఉంది, నర్సు ఉంది, ఆయన భార్య ఉంది.

మాది మాధవరం. తాతల కాలం నుంచీ చెన్నైలోనే ఉన్నాం. మా పిన్ని రాజేశ్వరికి కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాలి. నాది ఇంట్లోంచి చేసే ఉద్యోగం కాబట్టి తీసుకెళ్లేది నేనే. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మంచం పక్కన కూర్చునేవాణ్ణి.

చెన్నైలో చలేంటని నవ్వొచ్చు మీరు. డిసెంబర్‌లో వానలు తగ్గి పొద్దున కాస్త మంచు కనిపిస్తే చాలు, మంకీ క్యాప్ తగిలించుకునే ఊరు మాది. కానీ డయాలసిస్ వార్డులో చలి వేరు. పైన ఏసీ. ఒంట్లో రక్తం గొట్టాల్లోంచి బయటికెళ్లి, చల్లబడి తిరిగొస్తుంది. పిన్ని రెండు దుప్పట్లు కప్పుకుని, ఉన్ని సాక్సులు తొడుక్కుని కూడా వణికేది.

"చలి ఎముకల్లోకి పోతా ఉందిరా. ఇంక ఈడికి రాను. నన్ను వదిలెయ్యండి," అంది ఒకరోజు. విసుక్కుని అన్న మాట కాదది. అందుకే భయం వేసింది నాకు.

పాటలేవైనా పెడితే కాలం గడుస్తుందనుకున్నాను. పాతవి వద్దంది. "అవి వింటే పోయినోళ్లంతా వచ్చి కూర్చుంటారు. కొత్తవుంటే పెట్టు."

కొత్త పాటల గురించి నాకేం తెలుసు? ఇదివరకు మా ఆఫీసులో పనిచేసిన దివ్యను అడిగాను. ఆ అమ్మాయి ఇంట్లోనే పాటలు కట్టుకుని రికార్డు చేసుకుంటుంది. "చలికి హుషారు పాటలు పనికిరావు. ఎవరో దగ్గర కూర్చుని మనకోసమే పాడుతున్నట్టుండాలి," అని చెప్పి, మేం వార్డుకి వెళ్లిన ప్రతిసారీ రెండో మూడో పంపేది. వయొలిన్ తప్ప ఇంకేమీ లేని జోలపాట ఒకటి. ఎవరో కుర్రాడు గొంతు తగ్గించి పాడిన మలయాళం పాట ఇంకొకటి. దాన్లో ఒక్క ముక్క అర్థం కాకపోయినా పిన్నికి అదే మహా ఇష్టం. దుప్పటి కింద కాలి వేళ్లతో తాళం వేసేది. రానన్న మాట మళ్లీ ఎత్తలేదు.

పక్క మంచంలో ఒక పెద్దాయన ఉండేవాడు. వాళ్లది వ్యాసర్పాడి. రైల్వే యార్డులో చేసి రిటైరయ్యాడు. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అప్పట్నుంచీ మూలుగు తప్ప ఆయన గొంతే వినలేదని భార్య సరోజమ్మ చెప్పింది. ఆమె ఎప్పుడూ ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ ఉండేది.

ఒక సాయంత్రం దివ్య తన సొంత పాట పంపింది. మాటలు లేవు. తన గొంతు, గిటార్, అంతే. పల్లవి అవగానే ఆగిపోతుంది. "చరణం కుదరట్లేదు. పిన్నిగారికి వినిపించి ఏమన్నారో చెప్పు," అని రాసింది.

మర్నాడు వార్డులో దాన్ని ల్యాప్‌టాప్‌లో సన్నగా పెట్టాను. పిన్ని ఏమంటుందో ఆమె గొంతుతోనే పంపుదామని ఫోన్‌లో రికార్డింగ్ నొక్కాను. పల్లవి అయింది. పాట ఆగింది.

పక్క మంచంలోంచి ఆయన అందుకున్నాడు.

కళ్లు మూసే ఉన్నాయి. గొంతు బొంగురుగా ఉన్నా శ్రుతి తప్పలేదు. మేం విన్న పల్లవి కాదది, దాని తర్వాతది. మధ్యలో ఒకచోట ఉన్నట్టుండి ఆగి, మళ్లీ అక్కణ్ణించే ఎత్తుకున్నాడు. చివరికి పల్లవిలోకి వచ్చి ఆపేశాడు.

బీపీ చూస్తున్న నర్సు అలాగే నిలబడిపోయింది. "ఏమయ్యా... ఇంకొక్కసారి పాడయ్యా," అని సరోజమ్మ ఆయన పాదాలు పట్టుకుని ఏడ్చింది. ఆయన మళ్లీ నోరు మెదపలేదు.

రికార్డింగ్ దివ్యకు పంపాను. వెంటనే ఫోన్ వచ్చింది.

"ఎవరిదా గొంతు?"

చెప్పాను.

"అది ఇవాళ పొద్దున నేను కట్టిన చరణం. ఇంకా ఎవరికీ పంపలేదు," అంది.

తను రికార్డు చేసుకున్నది వినిపించింది. అదే. పాడుతుండగా వంటింట్లో కుక్కర్ కూత వేస్తే ఆగి, మళ్లీ ఎత్తుకుంది. ఆయన ఆగిందీ సరిగ్గా అక్కడే.

డాక్టర్‌ను అడిగాను. పక్షవాతంలో మాట పోయినవాళ్లు కొందరు పాడగలరట, అందులో వింతేమీ లేదన్నాడు. ఒకే రాగమైతే ఇద్దరికీ ఒకే దారి తట్టొచ్చు కదా అని నేనూ సర్దిచెప్పుకున్నాను. కుక్కర్ కూత దగ్గరికొచ్చేసరికి నా సర్దుబాటు ఆగిపోయేది.

చలి తగ్గేలోపే ఆయన పోయాడు. పిన్ని, నేను వ్యాసర్పాడి వెళ్లాం. సరోజమ్మ ఆ రికార్డింగ్ అడిగింది. "ఫోటోలుండాయి నాయనా. గొంతే లేదు నా దగ్గర." ఫోన్‌లో పెట్టిచ్చి, దివ్య సంగతి కూడా చెప్పాను. ఎవరూ వినని పాట ఆయనకెలా వచ్చిందో తెలియడం లేదన్నాను.

ఆమె పాట మొత్తం విని, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"యార్డునించి వచ్చేటప్పుడు ఇట్లాగే ఏవో కూనిరాగాలు తీసుకుంటా వచ్చేవోడు. అవి ఎవరి పాటలూ కాదు, ఆయనవే. నువ్వు ఈయన గురించే అడగతా ఉండావు. ఆ పాపకి యాడనుంచి వచ్చిందో అడిగినావా?"

ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. ఇంటికొచ్చి దివ్యను అడిగాను.

"ఎన్ని రోజులు కూర్చున్నా రాలేదు. ఆ పొద్దున స్టవ్ దగ్గర నిలబడుంటే, ఎవరో పాడుతుంటే విన్నట్టు వచ్చేసింది. నేనే కట్టాననుకున్నా," అంది.

పిన్ని ఇప్పటికీ డయాలసిస్‌కి వస్తోంది. దివ్య ఆ పాటను మాత్రం ఇంకా బయటపెట్టలేదు. పాట కట్టినవాళ్లుగా ఎవరి పేరు వెయ్యాలో చెప్పమని నన్ను అడుగుతుంది.