ఒంటికాలి మీద రష్యా చదువు

ఒక మనిషి మధ్యాహ్నం పూట హాయిగా కాసేపు పడుకుంటే ఎంత ఘోరం జరగగలదో మీకు తెలియదు. నాకు తెలుసు. నేను రష్యాలో ఓ నది ఒడ్డున గడ్డి మీద పడుకున్నాను. దాని వల్ల సిద్దిపేటలో మా తమ్ముడి జుట్టు పోయింది, మా బాపు గిన్నెల దుకాణం మూతపడింది, నా చదువు గంగలో కలవబోయి ఒంటికాలి మీద ఆగింది. నవ్వకండి, చెప్తాను.

ఎనభైల్లో సంగతి. ఇంజినీరు చదువుకని నాకు రష్యాలో సీటు వచ్చింది. బాపు సరే అన్నాడు. అమ్మ ఏడ్చి సరే అంది. నాయినమ్మ మాత్రం గడపకు అడ్డంగా కూర్చుంది.

"గాడ ఆకాశం నుంచి మంచు పడ్తదట. మంచుల పడి పోరడు కట్టె లెక్క అయితడు. నేను పంప."

"ఉత్తరాలు రాస్త గద నాయినమ్మా."

"నాకు సదువొస్తదా? నువ్వు రాసిందో, సదివెటోడు కల్పిచ్చి చెప్పిందో నాకెట్ల తెలుస్తది? నీ మొకం కనవడాలె. నెలకో ఫోటో పంపు. ఒక్క నెల రాకపోయినా, నువ్వు చిక్కినట్టు కనవడ్డా, ఆ దినమే వాపస్ పిలిపిస్త. మీ బాపు నా మాట దాటడు."

దాటడు. ఆ సంగతి నాకూ తెలుసు. కాబట్టి నా ఇంజినీరు చదువు మొత్తం నెలకో ఫోటోకు వేలాడుతూ ఉండేది. చలికాలమంతా ఓవర్‌కోటులో దిగి పంపేవాడిని. "మనిషేడున్నడురా, గొంగడి కనవడ్తుంది" అని నాయినమ్మ గొణిగేదట. గొణిగినా ఒప్పుకునేది.

అలా ఏడాది గడిచి ఎండాకాలం వచ్చింది. పరీక్షలు అయిపోయాయి. సెలవులకు ఇంటికి బయలుదేరడానికి ముందు ఓ ఆదివారం మా తరగతి వాళ్లందరం నది ఒడ్డుకు షికారు వెళ్లాం. ఎండ కనబడితే ఆ దేశం వాళ్లు చొక్కాలు విప్పి వడియాల్లా పరుచుకుంటారు. ఎండ కనబడితే నీడకు పరుగెత్తే ఊరు నాది. అయినా నేను మాత్రం తక్కువ తిన్నానా? హాస్టలు మంచం మీది తెల్ల దుప్పటి తెచ్చి గడ్డి మీద పరిచి, వెల్లకిలా పడుకున్నాను.

ఇక్కడ రెండు మూడు చిన్న విషయాలు మనవి చేయాలి. ఒకటి, ఎండాకాలంలో అక్కడి చెట్ల నుంచి తెల్లటి నూగు రాలి గాలినిండా తిరుగుతుంది. దానికి నాకు తుమ్ములు ఆగలేదు. అందుకని ముక్కు రంధ్రాల్లో దూది పెట్టుకున్నాను. తరవాత, మా తరగతి అమ్మాయిలు గడ్డిపూలతో దండ అల్లి నా ఛాతీ మీద వేశారు. ఆ దేశంలో అది ముచ్చట. ఇక నా తల దగ్గరే చిన్న మంట వేసి ఆలుగడ్డలు కాల్చారు. కాలిన ఆలుగడ్డల తొక్క తీయడానికి నా చుట్టూ కూర్చుని అందరూ తలలు వంచుకున్నారు. పొగకు ఒక అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది. నేను చేతులు చాపుకుని, రెండు కాళ్లు దగ్గరగా పెట్టుకుని, గాఢ నిద్రలో ఉన్నాను.

సరిగ్గా అప్పుడే నా రూమ్మేటు, తెనాలి సుబ్బారావు, తన నలుపు తెలుపు కెమెరాతో ఫోటో తీశాడు.

మీకు అర్థమైపోయింది. నాకే కాలేదు. మా సిద్దిపేటలో పడుకున్న మనిషిని ఫోటో తీసేది జీవితంలో ఒక్కసారే, అదీ జీవితం అయిపోయాక. బతికున్నంత కాలం స్టూడియో మొహం చూడని వాళ్లకు కూడా ఆ రోజు ఫోటోగ్రాఫరు ఇంటికి వస్తాడు. తెల్లబట్ట మీద మనిషి, ముక్కులో దూది, మెడలో దండ, తలాపున దీపం, చుట్టూ తలలు వంచుకున్న చుట్టాలు. అలాంటి ఫోటోలు గోడలకు కట్టిన ఇళ్ల మధ్యే నేను పుట్టి పెరిగాను. ఏడాది విదేశంలో ఉండేసరికి వచ్చిన తెలివికి అదంతా కొట్టుకుపోయింది.

కడిగిన ఫోటో చూసి సుబ్బారావు మురిసిపోయాడు. "ఎంత ప్రశాంతంగా ఉన్నావురా! ఇలా నిన్ను ఎప్పుడూ చూడలేదు."

"ఇదే నాయినమ్మకు పంపుదాం. ఈ నెల బాకీ తీరుతుంది."

"నిలబడ్డది కూడా ఒకటి ఉంది కదా, అది పంపరాదూ?"

"అందులో నా జుట్టు బాగాలేదు."

"పోనీ, వస్తున్నానని రెండు ముక్కలు రాయి."

"చెప్పకుండా పోయి అందరినీ ఆశ్చర్యపరుస్తా. నువ్వు అడ్రసు రాసి పోస్టులో వెయ్యి."

వాడు రాశాడు, వేశాడు. అంటే సిద్దిపేటకు చేరిందేమిటో గమనించండి: పరాయి చేతిరాతతో ఒక కవరు, లోపల ఒక్క అక్షరం లేకుండా ఆ ఫోటో.

నేను దిగింది ఆ కవరు చేరిన మర్నాడు. ఇదేమీ తెలియని నేను గజ్వేల్‌లో బస్సు ఆగితే మిరపకాయ బజ్జీలు తిని, నెత్తిన రష్యా బొచ్చు టోపీ సర్దుకుని సిద్దిపేట బస్టాండులో దిగాను. ఉక్కపోతలో ఆ టోపీ ఎందుకంటారా? లేకపోతే రష్యా నుంచి వచ్చానని నలుగురికీ ఎలా తెలుస్తుంది? చెవులు కూడా మూసే టోపీ కావడంతో నన్ను ఒక్కరూ గుర్తుపట్టలేదు.

బస్టాండు పక్కనే అన్వర్ భాయ్ స్టూడియో. దుకాణం అద్దంలోంచి చూస్తే, రష్యా వెళ్లేముందు అక్కడే దిగిన నా ఫోటో! నిలువెత్తున పెద్దది చేసి, ఫ్రేము కట్టి పెట్టారు. ఛాతీ ఉబ్బింది. లోపలికి వెళితే అన్వర్ భాయ్ ఫోటోలు కడిగే చీకటి గదిలో ఉన్నాడు. పరదా వెనక నుంచే మాట.

"భాయ్, గీ ఫోటో గింత పెద్దగ ఎందుకు చేసిన్రు?"

"అరే, గా రష్యా పిలగాడు గద. దండేయనీకి ఇంటోళ్లు చేయమన్నరు. సామాను ముట్టుకోకు భాయ్, గ్లాసు కొత్తది."

"దండ గూడ ఏస్తరా!"

"ఏయరా మరి? బంగారమసొంటి పోరడు. పొద్దుగాల నుంచి జనమే జనం. నువ్వు గూడ గాడికేనా?"

"అవును భాయ్, గాడికే."

"పో, జల్ది పో. నీ కోసం ఆగరు."

ఎంత చెప్పకుండా వచ్చినా వార్త ఎలాగో పొక్కింది, ఊరు సన్మానం చేస్తోంది అనుకున్నాను. బజారులో బాపు దుకాణం మూసి ఉంది. పండగనాడు కూడా మూయని మనిషి నా కోసం మూశాడని కళ్లు చెమర్చాయి. మా వీధి మలుపు తిరగ్గానే ఇంటిముందు కుర్చీలు, షామియానా. ఏం ప్రేమ, ఏం ప్రేమ అనుకుంటూ టోపీ తీసి, చేతులు జోడించి, చిరునవ్వుతో నడిచాను.

ముందుగా చూసింది తమ్ముడు సీను. వాడికి అప్పుడు పద్దెనిమిదేళ్లు. చెవుల మీదికి పడే జుట్టు, వెనక జేబులో దువ్వెన. ఆ జుట్టు కోసం కాలేజీలో లెక్చరర్లతోనే పోట్లాడాడు. ఆ సీను వాకిట్లో పీట మీద కూర్చుని ఉన్నాడు. సగం నెత్తి నున్నగా ఉంది. మిగతా సగం మీద మంగలి కత్తి ఆగింది.

"అన్నా!" అన్నాడు. ఆ మాటలో సంతోషం ఒక వీసమైతే, నెత్తి తడుముకున్నాక వచ్చిన కోపం బండెడు.

అమ్మ కెవ్వుమంది. బాపు లేవబోయి కూలబడ్డాడు. మా వీధిలో చావులన్నిటికీ పెత్తనం చేసే వీరేశం మామ చేతులు అడ్డం పెట్టాడు.

"ఎవ్వలు దగ్గరికి పోకున్రి! కాళ్లు సూడున్రి ముందుగాల! ముందుకున్నయా, ఎనకకున్నయా?"

అందరూ నా కాళ్ల వైపు చూశారు. మొహమాటానికి నేను కూడా చూసుకున్నాను.

అప్పుడు లోపలి నుంచి వచ్చింది నాయినమ్మ. చేతిలో చీపురు. ఎవరు ఆపినా ఆగలేదు. నా ముందు నిలబడి, ఎగాదిగా చూసి, చీపురు తిప్పి వీపు మీద ఒక్కటి వేసింది.

"అమ్మో!"

"తాకిందా?"

"తాకింది నాయినమ్మా!"

"తాకిందట. బతికే ఉన్నడు" అని ఊరికి చెప్పి, చీపురు పడేసి, నన్ను పట్టుకుని బావురుమంది. చేసిన వెధవపని ఏమిటో తెలియకముందే నాకు సిగ్గేసింది.

తరవాత ఫోటో బయటికి వచ్చింది. విచారణ మొదలైంది.

"ఇది పండుకునుడా?" అన్నాడు బాపు. "ముక్కుల దూది ఎందుకురా?"

"తుమ్ములకు."

"నెత్తికాడ మంట?"

"ఆలుగడ్డలకు."

"గా పిల్ల ఎందుకేడుస్తుంది?"

"పొగకు, బాపూ."

వీరేశం మామకు మాత్రం ఫోటో మీద నమ్మకం చావలేదు. "తల దక్షిణం దిక్కే పెట్టిన్రు. మన పద్ధతి ఎరికైనోళ్లే ఉన్నరు గాడ" అన్నాడు. ఫోటోలో దక్షిణం ఎటో ఆయన ఎలా కనిపెట్టాడో ఈనాటికీ అంతుపట్టలేదు. శవం గంత దూరం నుంచి రాదు, కార్యం కానియ్యున్రి అని సీనును పీట మీద కూర్చోబెట్టిందీ ఆయనే. పొద్దున్నుంచి నన్ను ఆణిముత్యం అన్న జనం, నేను బతికానని తేలగానే ఒక్కొక్కరే మాట వెనక్కి తీసుకున్నారు. "చిన్నప్పటి సందే గిట్ల తిక్కోడే" అనుకుంటూ కుర్చీలు మడిచారు. మంచివాణ్ణని అనిపించుకున్న ఆ ఒక్క పూటా నేను ఊళ్లో లేకపోయాను.

సీను మిగతా సగం కూడా గీయించుకోక తప్పలేదు. బాపు తీర్పు చెప్పాడు. "ఇగ రష్యా లేదు, గిష్యా లేదు. రేపటి సంది దుకాణంల కూసో."

ఏడాది చదువు, నాలుకకు కష్టపడి పట్టించిన రష్యన్ భాష, అంతా ఇత్తడి గిన్నెల్లో కలిసిపోయేలా ఉంది. సెలవులంతా నాయినమ్మ కాళ్ల దగ్గరే కూర్చున్నాను. ఆఖరికి ఆమె కరిగింది.

"పో. గని ఫోటో బందు కావొద్దు. నిలవడి దిగాలె. కండ్లు తెర్వాలె. పండ్లన్ని కనవడాలె."

"అట్లనే నాయినమ్మా."

"ఆగు. సచ్చినోన్ని గూడ గోడకు ఆనిచ్చి నిలవెట్టొచ్చు, కండ్లు తెరిపియ్యొచ్చు." నా కాళ్ల వైపు చూసింది. "ఒక్క కాలు లేపు. సచ్చినోడు ఒంటికాలు మీద నిలవడడు."

బాపు ఒప్పుకున్నాడు. నేనూ ఒప్పుకున్నాను. గడ్డకట్టిన నది మీద ఒంటికాలు. ప్రయోగశాలలో ఒంటికాలు. పట్టా పుచ్చుకున్న రోజు మా పెద్ద ప్రొఫెసరు గారు గంభీరంగా నిలబడి ఉంటే, పక్కనే నేను పళ్లన్నీ బయటపెట్టి కొంగలా ఒక కాలెత్తి ఉన్నాను. భారతదేశంలో గౌరవం చూపించే పద్ధతి ఇది కాబోలు అనుకుని, చివరి క్షణంలో పాపం ఆయన కూడా కాలెత్తాడు.

కాబట్టి సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను: కెమెరా అనేది ఉన్న గదిలో నేను ఈ జన్మలో పడుకోను. మొన్న దవాఖానలో ఎక్స్‌రే తీస్తామని బల్ల మీద పడుకోబెట్టారు. తప్పదు గనక పడుకున్నాను. అయితే ఒక కాలు మాత్రం పైకెత్తే ఉంచాను.