నాన్నకు గెడ్డం గీసిన రోజులు

మా చిన్నప్పుడు... ట్రాఫిక్ అనే పేటలోని మా రైల్వే క్వార్టర్ పెరట్లో నాన్న ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. నేను ఎదురుగా నిలబడి ఆయనకు గెడ్డం గీసేవాణ్ణి. అప్పటికి నాకింకా మీసం కూడా రాలేదు.

నాన్న పేరు సింహాచలం. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పనిలో ఆయన కుడిచేయి నలిగిపోయింది. నాలుగు వేళ్లు తీసేశారు. ఇంటికొచ్చిన వారానికి ఎడమచేత్తో తనే గీసుకోబోయి చెంప మీద మూడుచోట్ల కోసుకున్నాడు. అమ్మ రేజర్ లాక్కుని గూట్లో దాచేసింది. సెలూన్‌కి వెళ్లమంటే వెళ్లడు.

"అక్కడ అందరూ నా సెయ్యే సూస్తారు. ఒరే, నువ్వు నేర్సుకో" అన్నాడు నాతో.

అలా మొదలైంది... కుంపటి మీద నీళ్లు కాచి, తువ్వాలు ముంచి పిండి, ఆయన ముఖానికి అద్దేవాణ్ణి. బ్రష్షుతో నురగ పట్టించాక ఆయన కళ్లు మూసుకుని చెప్పేవాడు.

"రేజర్ని కొంచెం ఏటవాలుగా పట్టు. ఒత్తకు, దాని బరువే సాలు. ఎంటికలు ఎటు మొలిసినాయో అటే లాగు."

మొదటిరోజే దవడ కింద తెగింది. తెల్లటి నురగలో ఎర్రటి గీత... నాకు ఏడుపొచ్చేసింది.

"ఏటైందిరా? సిన్న గాటే. సన్నీళ్లతో కడిగి, బట్టెట్టి కాసేపు నొక్కిపట్టు. తర్వాత పటిక తడిపి రాయి."

పటిక మంటకు ఆయన దవడ బిగుసుకుంది. అయినా రెండో చెంప కూడా నావైపు తిప్పాడు.

నెల తిరిగేసరికి గాటు పడకుండా గీయడం వచ్చింది. అద్దంలో చూసుకుని "ఠీక్ హై" అనేవాడు. అంతకుముందు నాన్న ముఖాన్ని నేనెప్పుడూ ముట్టుకుని ఎరగను...

తర్వాత ఆయనకు వర్క్‌షాపు గేటు దగ్గర కుర్చీలో కూర్చునే పని ఇచ్చారు. పాత స్నేహితులు "ఆరామ్ కరో, దాదా" అని, ఇక విశ్రాంతి తీసుకోమని ప్రేమగానే అనేవారట. ఆ మాటే ఆయన్ని కుంగదీసింది. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఓ ఉదయం నీళ్లు కాచి పిలిస్తే కదల్లేదు.

"ఒద్దురా. కుర్సీలో కూకున్నోడి మొకం ఎవుడు సూస్తాడు?"

నిజం చెబుతున్నాను... నాకు హాయిగా అనిపించింది. ఇంకో అరగంట పడుకోవచ్చు కదా అనుకున్నాను. మర్నాడు నీళ్లు కాచలేదు. ఆ మర్నాడూ కాచలేదు. ఆయన పిలవలేదు, నేను అడగలేదు.

గెడ్డం పెరిగింది. డ్యూటీ మానేశాడు. తర్వాత వీధిలోకి రావడమే మానేశాడు. అమ్మ ఎంత బతిమాలినా రెండు ముద్దలు మించి తినేవాడు కాదు. నా పదో తరగతి పరీక్షలయ్యాక, ఓ మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు.

ఆయనతో ఇరవయ్యేళ్లు పనిచేసిన మనిషొకడు చూడటానికొచ్చాడు. నులకమంచం పక్కనే నిలబడి, ఆ ముఖంలోకి చూసి, నావైపు తిరిగి అడిగాడు.

"సింహాచలం ఏడీ?"

ఇప్పుడు అదే ఊళ్లో, తాల్‌బగీచా అనే పేటలో ఉంటున్నాను. కరెంటు మిషన్‌తో రెండు నిమిషాల్లో గెడ్డం అయిపోతుంది. ఇంట్లో ఎవరి గది వాళ్లది... ఎవరైనా వద్దంటే సరే అనేసి వెళ్లిపోతాం.

మీ ఇంట్లో మనిషి "వద్దులే" అన్నాక కూడా వదలకుండా, చేయి పట్టుకుని కూర్చోబెట్టిన రోజు మీకుందా? ఉంటే రాయండి, చదువుకుంటాను...

నాకు లేదు.