మట్టి పిచ్చుకలు బైబిల్లో లేవు

కొవ్వూరులో పెట్టిన బైబిలు క్విజ్‌లో ధవళేశ్వరం సంఘం ఒకే ఒక్క ప్రశ్న దగ్గర ఓడిపోయింది. "యేసు చేసిన మొదటి అద్భుతం ఏది?" అనడిగారు. పదేళ్ల సారిక తడుముకోకుండా లేచి, "మట్టితో పిచ్చుకల్ని చేసి ఎగరేశారండి" అంది. హాలంతా గొల్లుమంది. పక్క సంఘం పిల్లలు కానా పెళ్ళిలో నీళ్ళు ద్రాక్షారసమైన సంగతి చెప్పి, షీల్డు పట్టుకుపోయారు.

ఆ పిచ్చుకలు నిజానికి ఏసుపాదం మాస్టారివి. ఏటా మే నెలలో, కాలువలు కట్టేసిన రోజుల్లో, ఆయన చర్చిలో వేసవి బైబిలు బడి నడిపేవారు. ఆఖరి రోజు పిల్లల్ని కాలువలోకి దింపి, ఒండ్రుతో పిచ్చుకలు చేయించేవారు. బాలయేసు విశ్రాంతిదినాన వాగు పక్కన ఇలాగే చేశాడనీ, పెద్దలు తప్పని గద్దిస్తే చప్పట్లు కొట్టాడనీ, అవి రివ్వున లేచిపోయాయనీ చెప్పేవారు. కథ బైబిల్లో లేదన్న ముక్క మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

క్విజ్‌కి ముందే, తొంభై తొమ్మిది జనవరిలో, ఆయన గుండెపోటుతో పోయారు. బడి ఆయన భార్య సంపూర్ణమ్మ చేతికొచ్చింది. ఆవిడా హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషే.

బడి మొదలవబోతుందనగా సంఘపెద్ద సామ్యేలుగారు ఇంటికొచ్చారు. మజ్జిగ తాగి, కాసేపు నసిగి, "అక్కయ్యగారూ, ఈ ఏడు ఆ పిచ్చుకల్ని వదిలేద్దామండి" అన్నారు.

"ఎందుకండీ?"

"ఎందుకేంటండీ! కొవ్వూరు వాళ్ళు నేను ఎదురైతే చాలు, చప్పట్లు కొడుతున్నారు."

సంపూర్ణమ్మకి నవ్వాగలేదు. ఆయనా నవ్వి, అంతలోనే ముఖం గంభీరంగా పెట్టారు. "పాస్టరుగారిని అడిగానండి. ఆ పిచ్చుకల కథ ఉన్న సువార్త పాతదే గాని, అపొస్తలులు రాసింది కాదట. అందులోనే ఇంకో కథ ఉందట. భుజం తగిలిందని తోటి పిల్లాణ్ణి ఒక్క మాటతో చంపేస్తాడట బాలయేసు. మనం మొక్కే ప్రభువేనాండీ ఆయన? పాపం, మాస్టారికి ఈ సంగతి తెలీదేమో."

సంపూర్ణమ్మ ఖాళీ మజ్జిగ గ్లాసు అందుకుంది. మాస్టారికి తెలుసు. రాజమండ్రి పాత పుస్తకాల కొట్లో ఆ సువార్త ఉన్న ఇంగ్లీషు పుస్తకం కొన్ననాడే ఆవిడతో అన్నారు: "పిల్లలకి అదెందుకులే, పిచ్చుకలు చాలు."

ఇప్పుడు కథ మానేస్తే, ఆయన పిచ్చుకలు ఆయనతోనే పోతాయి. ఉన్నదున్నట్టు చెబితే, సగం దాచారని నలుగురిలో ఒప్పుకోవాలి. ఆ మనిషి పోయి నాలుగు నెలలన్నా కాలేదు. మానేయడమే సుఖమనిపించింది. కానీ క్విజ్ జరిగింది మొదలు సారిక చర్చి గుమ్మం తొక్కలేదు. సంపూర్ణమ్మ మర్నాడే ఆ ఇంటికెళ్ళి, "బడికి నువ్వు రావాలి. నేను నీకొకటి చెప్పాలి" అంది.

ఆఖరి రోజు సాయంత్రం పిల్లలంతా మోకాళ్ళదాకా ఒండ్రులో ఉన్నారు. గట్టు మీద తల్లిదండ్రులు, గొడుగు కింద సామ్యేలుగారు. ఈ కథ అందులోది కాదు గనక, సంపూర్ణమ్మ బైబిలు కావాలనే చర్చిలో ఉంచి వచ్చింది. కథ చెప్పింది. చప్పట్లు అయ్యాక, "ఇది బైబిల్లో లేదు" అంది. తర్వాత చచ్చిపోయిన పిల్లాడి కథా చెప్పింది. పిల్లలు బిక్కమొహాలేశారు.

"అయితే అబద్ధమాండీ?" సారిక అడిగింది.

"జరిగిందని నేను చెప్పలేను. యేసు చిన్నప్పుడు ఎలా ఉండేవాడోనని అందరికీ ఆశే కదా. బైబిలు చెప్పింది కొంచెం. మిగతాది ఎవరో ఊహించి రాసుకున్నారు. తొలినాటి సంఘాలు అవి చూసి, మనకి తెలిసిన యేసు ఇలాంటివాడు కాడని పక్కన పెట్టేశాయి. చదవొద్దని నేననను. లేఖనమని మాత్రం అనుకోవద్దు."

"మాస్టారుగారికి తెలుసాండీ?"

"పాపా, పోయినవాళ్ళ గురించి ఇప్పుడెందుకమ్మా..." గట్టు మీంచి సామ్యేలుగారు అందుకోబోయారు. సంపూర్ణమ్మ చెయ్యెత్తి ఆపింది.

"తెలుసమ్మా. మీకు చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు ఆయనది, నీది కాదు." గట్టు మీదున్న వాళ్ళందరికీ వినబడేంత గట్టిగా అంది.

సారిక తలొంచుకుని కాసేపు ఒండ్రు పిసికింది. "ఆ పిల్లాడి పేరేంటండీ?"

"రాయలేదమ్మా."

"వాళ్ళమ్మ ఏడ్చుంటుంది కదండీ."

"ఏడ్చే ఉంటుంది." సంపూర్ణమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "పదండి, చేతులు కడుక్కోండి. యేసుకి పన్నెండేళ్ళప్పటి సంగతి ఒకటి బైబిల్లో ఉంది. లోపలికెళ్ళి అది చదువుదాం" అంటూ ముందు తనే గట్టెక్కింది.