నూనె ధర మీద తెరేసమ్మక్క అన్న మాట

హనుమాన్ జంక్షన్‌లో తెరేసమ్మక్క బజ్జీల బండి పక్కనే నా టీ కొట్టు. ఆవిడ సంగతి నన్నడగండి చెబుతాను, ఫోన్లలో చూసింది నమ్మకండి. తల్లీ తండ్రీ పోయాక పెళ్లి మాటే ఎత్తనివ్వకుండా తమ్ముడు యేసుకుమార్‌ని పెంచింది. ఆ బండి మీదే వాణ్ని చదివించింది, వాడికి పెళ్లి చేసింది, ఉన్న పొలంలో పామాయిల్ తోట వేయించింది. "నీకంటూ ఏం మిగుల్చుకున్నావక్కా?" అంటే నవ్వి ఊరుకునేది. పిచ్చి మాలోకం!

వాడూ చెడ్డవాడేం కాదు. ఫ్యాక్టరీలో గెలలు దింపి వస్తూ బండి దగ్గర ట్రాక్టరు ఆపేవాడు. "అక్కా, ఉల్లిపాయలు దండిగా వెయ్యి" అనేవాడు. వాడు తింటున్నంతసేపూ ఆవిడ మొహం చూడాలి. తక్కిన రోజంతా ఆవిడకు మాట్లాడే మనిషిని నేనొక్కదాన్నే.

చిక్కంతా నూనెతో వచ్చింది. ఢిల్లీవాళ్లు ఎవరెవరితోనో ఒప్పందాలు మాట్లాడుకుని, బయటి దేశాల పామాయిల్ మీద సుంకం ఇంకా తగ్గిస్తారని గోల. నూనె చౌకయితే అక్క బండికి ఊపిరాడుతుంది. అదే నూనె వచ్చి పడితే ఇక్కడ గెలల ధర పడిపోయి తమ్ముడు మునుగుతాడు. ఒక్క కడుపున పుట్టినవాళ్లకే ఒకరి మేలు ఇంకొకరికి చేటు. ఏం ఒప్పందాలో, వాటి దుంప తెగ!

యేసుకుమార్ రైతు సంఘానికి ప్రెసిడెంటు. సుంకం తగ్గించొద్దని జంక్షన్‌లో ధర్నా పెట్టాడు. రెండు పార్టీలవాళ్లూ వచ్చి టెంటు కింద ఫొటోలు దిగిపోయారు. అక్క పొద్దుటినుంచీ రైతులకు ఊరికే బజ్జీలు వేసి పెడుతోంది. అంతలో ఓ టీవీవాడు మైకు ఆవిడ నోటికి అడ్డం పెట్టి, "నూనె ధర తగ్గితే మీకెలా ఉంటుందమ్మా?" అన్నాడు.

"తగ్గితే మంచిదేగా బాబూ. నూనె కొనలేక పొయ్యి వెలిగించని రోజులున్నాయి" అంది.

నోరా, వీపుకు తేకే అన్నారందుకే. సాయంత్రానికి ఆ ముక్క అందరి ఫోన్లలో తిరిగింది. "ప్రెసిడెంటు గారి సొంత అక్కే తగ్గించమంటుంటే ఇంక ధర్నా ఎందుకయ్యా?" అని సంఘంలో గిట్టనివాళ్లు పకపకలు. టెంటు పీకేశారు. యేసుకుమార్ బండి దగ్గరకొచ్చాడు.

"నలుగుర్లో నా తల తీసేశావక్కా."

"ఉన్నమాటే అన్నానురా."

"నా తోట గుర్తు రాలేదా నీకు?"

ఆవిడ చట్నీ గిన్నె మీద మూత పెట్టుకుంటూ నిలబడింది. ఆ తర్వాత ట్రాక్టరు ఆగలేదు. దూరాన చప్పుడు వినగానే అక్క ఉల్లిపాయ తరగడం మొదలెట్టేది. బండి ముందునుంచే వాడు వెళ్లిపోయేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. అడ్డాలనాడు బిడ్డలు గాని గడ్డాలనాడు బిడ్డలా అన్నాను ఓసారి. "వాణ్నేం అనకే నాగవేణీ" అని నన్నే కసిరింది. ఆవిడ ఫోన్ చేస్తే వాడు ఎత్తేవాడు కాదు.

నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. "ఆ రోజు వస్తాడే. అమ్మానాన్నల ముందు మాట్లాడకుండా ఎలా ఉంటాడు?" అని ముందునుంచీ అదే పాట. ఒక్కతే పోతుందని కొట్టు మూసి నేనూ వెళ్లాను. సమాధులకు తనే సున్నం వేసింది, బంతిపూలు పరిచింది. వాళ్లింట్లో ఓ పద్ధతుంది. పెద్దబిడ్డ ముందుగా కొవ్వొత్తి వెలిగించాలి, చిన్నవాడు ఆ మంటతోనే తనది ముట్టించుకోవాలి.

పొద్దుగూకే వేళకు వాడు భార్యతో వచ్చాడు. అక్క కొవ్వొత్తి వెలిగించి, గాలికి ఆరకుండా అరచెయ్యి అడ్డం పెట్టి వాడి వైపు చాచింది.

"రారా, ముట్టించుకో."

"ఉందండీ, అగ్గిపెట్టె తెచ్చుకున్నాను" అన్నాడు వాడు, సమాధి వైపే చూస్తూ.

పుల్ల గీశాడు, గాలికి ఆరిపోయింది. ఇంకోటి గీశాడు, అదీ ఆరింది. మైనం కారి అక్క వేళ్ల మీద పడుతోంది. చివరికి వాడి కొవ్వొత్తి అంటుకుంది. సమాధి మీద నిలబెట్టి దండం పెట్టుకుని, భార్యను తీసుకుని వెళ్లిపోయాడు.

అక్క చెయ్యి ఇంకా అలాగే చాచి ఉంది. నేనే పట్టుకుని కిందికి దించాను.