బోధన్ రైల్లో నేను రాయని పిల్ల

ఎనిమిదేళ్ల కిందట ఒక వారపత్రికలో బోధన్ ప్రయాణం గురించి రాశాను. చెరకు బండ్లు, ఇందల్వాయి అడవి, నిజామాబాద్ స్టేషన్ బయట దొరికే చాయ్, అన్నీ రాశాను. అది చదివి ఆ దారిన వెళ్లొచ్చామని కొందరు నాకు చెప్పారు కూడా. తిరుగు రైల్లో నా ఎదురుగా కిటికీ పక్కన తొమ్మిదేళ్ల పిల్ల కూర్చుని ఉన్న సంగతి మాత్రం రాయలేదు. అసలు నేను బోధన్ వెళ్లింది ఆ పిల్ల కోసమే. అందుకే ఆ ప్రయాణాన్ని మొదటినుంచి మళ్లీ చెబుతున్నాను.

అప్పట్లో నేను బర్మా నుంచి ఓడల్లో వచ్చిన కాందిశీకులకు చోటూ పనీ చూపించే ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ని. పిల్ల పేరు నూకాలు. తండ్రి తెలుగువాడు, రంగూన్ రేవులో కూలీ. తల్లి బర్మా మనిషి, అక్కడే పోయింది. తండ్రి పిల్లను వెంటబెట్టుకుని వచ్చి బోధన్ చెరకు తోటల్లో పనికి కుదిరాడు. మొదటి వానాకాలమే జ్వరంతో చనిపోయాడు. తోడొచ్చిన కుటుంబాలు వేరే పని వెతుక్కుంటూ వెళ్లిపోయాయి. పిల్ల పక్కింట్లో బీడీలు చుట్టుకునే జైనబ్బీ దగ్గర మిగిలిపోయింది. రెండేళ్ల తర్వాత చిన్నాన్న అప్పలసామి కాకినాడ నుంచి మా ఆఫీసుకొచ్చి, పిల్లను ఇప్పించమని అడిగాడు. పిల్ల ఎక్కడుంటే మేలో చూసి తేల్చి రమ్మని నన్ను పంపారు. ఆయన్ను కూడా వెంట తీసుకెళ్లమన్నారు.

పొద్దున కాచిగూడలో మీటర్ గేజ్ బండి ఎక్కాం. మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. అప్పలసామి మంచి మాటకారి. మేడ్చల్ దాటేలోపు జామపండ్లు కొని పెట్టెలో అందరికీ పంచాడు. కామారెడ్డిలో పసుపు మూటతో ఒక ముసలవ్వ ఎక్కి మా మధ్య ఇరుక్కుని కూర్చుంది.

"ఎవల పెండ్లికి పోతున్రు బిడ్డా?" అంది.

"పెళ్లి కాదమ్మా, మా అన్న కూతుర్ని తెచ్చుకోడానికి."

"పోరి నిన్ను గుర్తువడ్తదా?"

"రక్తం కదమ్మా, గుర్తుపడతాది."

"ఏం రగతమో! మా మనుమడు బెల్లం సూపిస్తెనే నాకాడికొస్తడు," అని అవ్వ నవ్వింది. అందరం నవ్వాం.

ఆ నవ్వులోనే అప్పలసామి కాకినాడలో తను నడిపే హోటల్ సంగతి ఎత్తాడు. "అంట్లు తోమడానికి ఒక్క మనిషీ నిలవడం లేదండి. మా ఆడది ఒక్కతే చచ్చిపోతోంది." ఆ మాట విన్నాను. కిటికీలోంచి చూస్తూ జామపండు తినేశాను.

మధ్యాహ్నం మూడు దాటాక నిజామాబాద్‌లో దిగి, భోజనం చేసి, బోధన్ బండి ఎక్కాం. జానకంపేట దగ్గర బండి దారి మళ్లుతుంది. అక్కణ్నుంచి రెండు వైపులా చెరకే. గాలిలో మడ్డి వాసన తగిలిందంటే చక్కెర ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చినట్టు. స్టేషన్ పక్క ముసాఫిర్‌ఖానాలో దిగాం. నేనొక్కణ్నే చాయ్ తాగడానికి ఎదురుగా ఉన్న హోటల్‌కి పోయాను. నేనెవరో అప్పటికే అక్కడ తెలిసిపోయింది.

గల్లా మీద కూర్చున్నాయన గొంతు తగ్గించాడు. "గా బర్మా పిల్ల సంగతి జల్దీ తేల్చుండ్రి సార్. సాయిబుల ఇంట్ల హిందువుల పిల్ల ఎట్లుంటదని కొందరు గుర్రుగున్నరు. ఇన్నొద్దులు సాది సాకినమని ఆ వాడోళ్లు అంటున్నరు. రేపు ఏమన్నయితే మీ పేరే ముందుంటది."

చాయ్ సగంలో వదిలేసి లేచాను. మళ్లీ రోడ్డు మీదికి వచ్చేసరికి ఇద్దరు ముగ్గురు నిలబడి నావైపే చూస్తున్నట్టనిపించింది. నిజంగా చూశారో లేదో ఇప్పటికీ చెప్పలేను. అప్పటినుంచి పిల్ల మేలు నా తలలోంచి పోయింది. గొడవ కాకుండా ఊరు దాటాలన్న ఒక్క ఆలోచనే మిగిలింది.

మర్నాడు పొద్దున జైనబ్బీ ఇంటికి వెళ్లాం. తడిపిన తునికాకు వాసన. నలభై ఏళ్ల మనిషి, ఒళ్లో చాట. పిల్ల పక్కనే కూర్చుని బీడీలకు దారం కడుతోంది. అప్పలసామిని చూడగానే చేతిలోది వదిలేసి జైనబ్బీ వెనక్కి పోయి, ఆవిడ కొంగు పట్టుకుంది. గల్లీలో జనం పోగయ్యారు.

"నాకన్ని సదువులు రావు సాబ్," అంది జైనబ్బీ. "చిన్నాయన అంటున్నడు, అయితే అయ్యుండొచ్చు. గని పోరి గిట్ల ఎందుకు వణుకుతున్నదో అడుగుండ్రి."

"దానికి బర్మా మాట తప్ప రాదండి. నేనడుగుతాను," అన్నాడు అప్పలసామి.

ఆయన బర్మా మాటలో ఏదో అడిగాడు. పిల్ల ఆ మాటలోనే జవాబు చెప్పింది. చాలాసేపు చెప్పింది. ఒక్కొక్క మాట దగ్గర ఆగుతూ, ఆయన్ను కాక నన్ను చూస్తూ చెప్పింది. అప్పలసామి నావైపు తిరిగి, "వస్తానంటోందండి," అన్నాడు.

జైనబ్బీ చాట కింద పెట్టేసింది. "గంత సేపు చెప్పింది గదొక్క మాటనేనా? సాబ్, నాతోని రోజు తెలుగులనే కొట్లాడ్తది ఇది. మీరు సుత తెలుగోళ్లేనాయె. మీరే అడుగుండ్రి."

అడగలేదు. ఎవరు తీసుకెళ్తానంటున్నాడో, ఆయన నోటిమాటనే పిల్ల మాటగా ఒప్పుకున్నాను. అడిగితే పిల్ల రానంటుందని తెలుసు. రానంటే నేనొక పక్షం పట్టాలి. గల్లీలో జనం ఉన్నారు. "రక్తసంబంధం ఉంది కదమ్మా," అని లేచాను. జైనబ్బీ గొడవ చేయలేదు. పిల్ల తల దువ్వి, ఉతికిన గౌను తొడిగి, "సాబ్ మంచోడే బేటీ, భయపడకు," అని పంపింది.

మధ్యాహ్నం బండికి బోధన్ వదిలాం. సాయంత్రం నిజామాబాద్‌లో కాచిగూడ బండి పట్టుకున్నాం. పిల్ల ఏడవలేదు. ఎవరు కదిలినా ఉలిక్కిపడేది. ఇందల్వాయిలో బండి ఆగినప్పుడు అప్పలసామి నీళ్ల కోసం దిగాడు. పిల్ల వెంటనే లేచి నా పక్కకొచ్చింది.

"సార్, నేను రానన్న. గాయన వస్తనన్నదని చెప్పిండు. రంగూన్ల మా ఇంట్లనే ఉండేటోడు. మా అమ్మ లేనప్పుడు నన్ను చీకటి అర్రల ఏసి తాళం పెట్టేటోడు. ఏడిస్తె ఇంకో దినం. మళ్ల గట్లనే ఏస్తడు సార్. నన్ను జైనబ్బీ కాడ దించుండ్రి."

బండి ఇంకా కదలలేదు. దిగొచ్చు. స్టేషన్‌మాస్టరును పిలవొచ్చు. నేను అడవి వైపు చూస్తూ కూర్చున్నాను. అప్పలసామి చెంబుతో ఎక్కి, "ఏటంటంది బాబూ?" అని అడిగాడు.

"ఏమీ లేదు," అన్నాను.

కాచిగూడలో వాళ్లిద్దరూ జనంలో కలిసిపోయారు. పిల్ల తన ఇష్టంతో వెళ్లిందని ఆఫీసుకు చెప్పాను. ఆ పైన కూర్చుని, చెరకు తోటల అందం గురించి వ్యాసం రాశాను.

ఈ మాఘంలో మళ్లీ బోధన్ వెళ్లాను. నూకాలు తిరిగొచ్చిందని, ఆ ఊరినుంచి వచ్చిన ఒకాయన మాటల్లో తెలిసింది. బండి అదే, వేళలు కొంచెం మారాయి.

నన్ను గుమ్మంలో చూడగానే జైనబ్బీ, "ఇప్పుడెవల్ని తీస్కపోను వచ్చిండ్రు సాబ్?" అంది. కూర్చోమనలేదు. అప్పలసామి హోటల్ అమ్మేసి ఎటో పోతే, పద్నాలుగేళ్ల పిల్ల అడుక్కుంటూ రైళ్లు మారి వచ్చిందని నిలబెట్టే చెప్పింది. నూకాలు చుట్టిన బీడీల గంప ఎత్తుకుంది. వాళ్లు బీడీలు అప్పజెప్పే కార్ఖానా స్టేషన్ దారిలోనే ఉంది. నా తిరుగు బండికి వేళవుతోంది. ముగ్గురం ఒకే దారిన నడిచాం. ఆ పిల్ల రోడ్డుకు అటు చివర నడిచింది.

స్టేషన్ కంచె దగ్గర బండి కూత వినిపించింది. నూకాలు ఆగిపోయింది. గంపను పొట్టకు అదుముకుని, జైనబ్బీ చెయ్యి పట్టుకుంది. "అమ్మీ, నేను గీడికెల్లి ముందలికి రాను," అంది. పదిహేడేళ్ల పిల్ల. నేనింకా తనను బండి ఎక్కిస్తానని భయపడుతోంది.

ఈ దారిలో వెళ్లే పాఠకులకు చెరకు తోటలు బాగానే కనిపిస్తాయి. నాకు మాత్రం బోధన్ అంటే ఆ కంచె దగ్గర నిలబడ్డ నూకాలు ముఖమే.

నేను తన దగ్గరికి పోలేదు. ఉన్నచోటునుంచే, బండి చప్పుడు మీద వినిపించేలా గట్టిగా అన్నాను:

"నూకాలమ్మా, ఆ రోజు నువ్వు రానన్నావు. ఇందల్వాయిలో నువ్వు చెప్పిందంతా నేను విన్నాను. విని కూడా నిన్ను దింపలేదు. తప్పు నాది. నన్ను క్షమించు తల్లీ."