వెనక సీటు

మా ఆయన పోయి ఏడాది దాటినా, క్రైస్ట్‌చర్చ్ శివార్లలోని ఆ షెడ్డువైపు నేను కారు తిప్పలేదు. అది నాకు సవతిలాంటిది. శనివారం వస్తే చాలు, బాక్సు సర్దించుకుని అక్కడికి వెళ్లిపోయేవారు. రెండు ప్రపంచయుద్ధాల మధ్యకాలపు నిఘా విమానాన్ని, రెక్క మీద రెక్క ఉన్నదాన్ని, ఆయనా ఒక కివీ పెద్దాయనా కలిసి బాగుచేసేవారు. "ఎగరని విమానానికి అంత సేవ దేనికండీ?" అని దెప్పేదాన్ని.

అన్నం తింటూ అలాంటి విమానాల కథే చెప్పేవారు. మొదటి ప్రపంచయుద్ధం తొలి రోజుల్లో ముందు సీటు అతను నడుపుతుంటే, వెనక సీటు అతను శత్రువు ఎక్కడున్నాడో చూసి కాగితం మీద గీసేవాడట. పోనుపోను అతనికి కెమెరా, తుపాకీ, వైర్‌లెస్ అన్నీ తగిలించారు. చెక్క చట్రం పోయి లోహపుది వచ్చింది, పైన గుడ్డ మాత్రం అలాగే ఉండిపోయింది. "ఎంత మారినా, వెనక కూర్చున్నవాళ్లే కళ్లు" అనేవారు. హైదరాబాద్‌లో స్కూటర్ వెనక కూర్చుని దారి చెప్పింది నేనే కదా, లోపల మురిసిపోయేదాన్ని. పైకి మాత్రం "కూర వేసుకోండి" అనేదాన్ని.

షెడ్డుకు ఫోన్ చేస్తే ఆయన చేతులకు ఎప్పుడూ గ్రీజే. పక్కన ఆ పెద్దాయన ఉన్నా ఫోన్ స్పీకర్‌లోనే పెట్టేవారు. నేను "ఏమండీ" అనడం, ఆయన "ఆఁ, చెప్పు" అనడం. ఆ తర్వాత నేను పెరుగు తెమ్మనడం.

మొన్న ఆ పెద్దాయన ఫోన్ చేశారు. ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్య మాట్లాడుకునే రబ్బరు గొట్టం మా ఆయన చేసిన ఆఖరి పని. అది ఇప్పుడు బిగించారట. "అందులో మొదట మా ఆవిడే మాట్లాడాలి" అని మా ఆయన అనేవారట.

వెళ్లాను. నిచ్చెన ఎక్కించి వెనక సీట్లో కూర్చోబెట్టి, గొట్టం తగిలించిన తోలు టోపీ ఇచ్చారు. గుడ్డకు పూసిన వార్నిష్ వాసన, ఆయన చొక్కాల వాసన ఒకటే. ఇంటికి వెళ్లిపోదామనిపించింది. పెద్దాయన ముందు సీటెక్కి, ఏదైనా మాట్లాడమని చెయ్యి ఊపారు. హలో అందామనే అనుకున్నాను. ముందు ఆ వీపు కనిపించేసరికి నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"ఏమండీ, వినిపిస్తోందా?"

సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దాయనకు తెలుగేం తెలుసు?

గొట్టంలోంచి వంకర యాసలో, నిదానంగా వినిపించింది.

"ఆఁ, చెప్పు."

చెప్పడానికి ఏడాది కబుర్లున్నాయి. వచ్చేటప్పుడు పెరుగు తెమ్మన్నాను.