గన్నవరంలో నేను చెప్పిన రైట్

గన్నవరంలో కండక్టర్ ఎక్కకుండానే బస్సు కదలడానికి కారణం నేనేనని మా రాజోలులో అందరికీ తెలుసు. అసలు ఏం జరిగిందో మాత్రం ఎవరూ అడగలేదు. అందుకే రాసిపెడుతున్నాను.

తొంభైల చివర్లో, రాజోలు నుంచి అమలాపురం వెళ్లే బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చున్నారు. చంకలో గడ్డ ఉందట. అమలాపురం ఆసుపత్రికని బయల్దేరి, ఇప్పుడు దారిలో అంబాజీపేటలోనే చెల్లెలింటికి దిగిపోతానన్నారు.

“నొప్పే లేదండీ. నొప్పి లేనిదానికి డాక్టరెందుకండీ?”

లైబ్రరీలో జీవకణాల పుస్తకం రెండుసార్లు చదివినవాణ్ణి, ఊరుకోగలనా? బస్సు గన్నవరంలో టీకి ఆగగానే అందుకున్నాను.

“మన ఒంట్లో ఒక్కో కణం రెండవుతూ ఉంటుందండీ. లోపల కండక్టర్ లాంటిదొకటి అంతా సరిచూసి రైట్ అంటేనే కదలాలి. అది పనిచెయ్యకపోతే ఆపేదిక ఉండదండీ. రైట్! రైట్! రైట్!”

డ్రైవర్ బస్సు లాగించేశాడు. కండక్టర్ టీ గ్లాసుతో వెనకాల పరుగు.

ఆవిడ కిటికీలోంచి చూసి, “బండికేం నొప్పి లేదు. హాయిగా పోతోందండీ,” అన్నారు నెమ్మదిగా.

కండక్టర్ రొప్పుతూ ఎక్కాడు. “ఎవరండీ రైట్ చెప్పింది? టికెట్లు కూడా మీరే కొట్టేయండి!”

అంబాజీపేటలో ఆవిడకు దారివ్వడానికి లేచాను.

“కూర్చోండి బాబూ. నేను అమలాపురమే,” అన్నారు.

గడువు దాటినా పుస్తకం అడగని లైబ్రేరియన్ సుబ్బరాయుడు గారికి, కేకలు విని బ్రేకు వేసిన డ్రైవర్ సత్తిరాజు గారికి, నన్ను తిడుతూనే ఆవిడ కోసం స్టాపు లేని ఆసుపత్రి గేటు ముందు బస్సు ఆపించిన కండక్టర్ అబ్బులు గారికి నా కృతజ్ఞతలు.